ఓనరుగారికి తాళం బొమ్మ చూపించడం ఎలా?

ఈ చిట్కాలు వెబ్‌సైటు తయారు చేసేవాళ్ల కోసం కాదు, తయారైపోయిన సైటు నెత్తిన పడ్డవాళ్ల కోసం. గుంటూరులోనో గుడివాడలోనో ఒక పచ్చళ్ల షాపు, దానికి ఎప్పుడో ఎవరో కట్టిపెట్టి వెళ్లిపోయిన సైటు, 'కంప్యూటర్లు తెలుసు' అన్న పాపానికి దాన్ని మోస్తున్న మీరు. సైటు నడుస్తోంది, ఆవకాయ అమెరికా వెళ్తోంది. ఇంతలో ఓనరుగారి ఫోను.

"ఏవయ్యా, మన సైటు పేరు పక్కన 'నాట్ సెక్యూర్' అని వస్తోందంట. డాలస్ నుంచి మా అమ్మాయి చెప్పింది. వియ్యాలవారు కూడా చూశారంట. ఏంటది?"

"అదేం లేదండీ, బ్రౌజర్ అప్‌డేటు" అని మొదటిసారి తప్పించుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. 2018 జూలైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి, ఎన్‌క్రిప్షన్ లేని ప్రతి సైటు మీదా ఆ ముద్ర పడుతోంది. అంతకు ముందు ఏడాది జనవరి నుంచే పాస్‌వర్డు, కార్డు నంబరు అడిగే పేజీల మీద పడేది. రెండోసారి ఫోను వచ్చినప్పుడు మాత్రం "ఎస్ఎస్ఎల్ వేయించాలండీ" అనక తప్పదు. అక్కణ్ణుంచి ఏం చేయాలో చెబుతాను.

మీ కస్టమరు ఆవకాయ కొనే మనిషి కాదు, ఓనరుగారు. ఆయన, తన ఫోనులో, హోమ్ పేజీ తెరిచినప్పుడు ఆ రెండు ఇంగ్లిషు మాటలు కనబడకూడదు. మనం చేయాల్సిన పని ఇంతే. దీన్ని మించి చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకి వేరే పుస్తకాలున్నాయి.

ముందు కాస్త వాదించండి

చెప్పిన పని చెప్పగానే ఒప్పుకుంటే మన మాటకి విలువ ఉండదు. "మన దగ్గర దాచడానికి ఏముందండీ? పచ్చళ్ల రేట్లు అందరికీ చూపించేవేగా" అనండి. ఈ వాదన చాలా ఆఫీసుల్లో, చాలా ఏళ్లు పనిచేసింది. ఆర్డరు ఫారం సంగతి మాత్రం ఎత్తకండి. కొనే ఆవిడ అందులో పేరు, ఇంటి నంబరు, ఏ గుడి ఎదురుగా ఉంటారో, ఫోను, ఏ వేళప్పుడు ఇంట్లో ఉంటారో అన్నీ రాస్తుంది. మన సైట్లో అకౌంటుకి ఆవిడ పెట్టిన పాస్‌వర్డే ఆవిడ ఈమెయిలుకీ ఉండే అవకాశం బాగా ఉంది. మామూలు హెచ్‌టీటీపీ మీద ఇదంతా ఆవిడ ఫోను నుంచి మన సర్వరు దాకా ఉన్నదున్నట్టు, చదవగలిగే అక్షరాల్లో వెళ్తుంది. రైల్వే స్టేషన్ ఉచిత వైఫైలో అదే ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాడు చదువుకోవచ్చు.

చదువుకోవడానికి వాడు పెద్ద తెలివిగలవాడు కూడా కానక్కర్లేదు. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ పేరుతో ఫైర్‌ఫాక్స్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ వదిలాడు. అదే వైఫైలో ఉన్నవాళ్ల ఫేస్‌బుక్, ట్విట్టర్ లాగిన్లు పేర్లతో సహా బ్రౌజరు పక్కన వరసగా వచ్చి నిలబడేవి. ఒకదాని మీద నొక్కితే వాళ్ల అకౌంటులో ఉన్నట్టే. పాస్‌వర్డు కొట్టేసే పని కూడా లేదు, ఎన్‌క్రిప్షన్ లేకుండా తిరిగే కుకీ చాలు. పెద్ద పెద్ద సైట్లు లాగిన్ పేజీకి మాత్రమే ఉన్న ఎన్‌క్రిప్షన్‌ను మొత్తం సైటుకి పెంచడానికి ఆ గొడవ ఒక కారణం. ఓనరుగారి ముందు ఈ కథ చెప్పకండి, వాదన ఓడిపోతారు.

"చదివితే చదువుతారు, పేజీనైతే మార్చలేరుగా" అని చుట్టాల్లో ఎవరైనా ఇంజనీరు అంటే వెంటనే తలూపండి. 2015లో బెంగళూరు ప్రోగ్రామర్ ఒకరు 3జీ కనెక్షన్‌లో తన సైటు తనే తెరిచి చూసుకుంటే, పేజీలో తను రాయని జావాస్క్రిప్టు ఉంది. టెలికాం నెట్‌వర్కు మధ్యలో దూర్చినది. అది బయటపెట్టినందుకు, ఆ కోడు వెనక ఉన్న ఇజ్రాయెల్ కంపెనీ తరఫున లీగల్ నోటీసు వచ్చింది ఆయనకే. పేజీ ఎన్‌క్రిప్షన్‌లో వెళ్తే మధ్యలో ఇలాంటివి చొప్పించడం కుదరదు. కుదరనివ్వడం వల్ల లాభం చూడండి: మన సైటు మీద ఎవరో పైసా ఖర్చు లేకుండా ప్రకటనలు వేసిపెడతారు, పేజీ నిండుగా ఉంటుంది.

సర్టిఫికెట్ కొనడం

ఎస్ఎస్ఎల్ వేయడమంటే సర్వర్లో ఒక సర్టిఫికెట్ పెట్టి, హెచ్‌టీటీపీని ఎన్‌క్రిప్షన్ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌గా మార్చడం. 2015 డిసెంబరు నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ సర్టిఫికెట్లు అందరికీ ఉచితంగా ఇస్తోంది. సర్వర్లో సర్ట్‌బాట్ లాంటి ప్రోగ్రాము ఒకటి పెడితే అదే వెళ్లి తెచ్చుకుంటుంది, గడువు దగ్గరపడితే అదే రెన్యూ చేసుకుంటుంది. దాని జోలికి పోకండి. ఉచితం అంటే ఓనరుగారికి అనుమానం, మీకు బిల్లుండదు. హోస్టింగ్ కంపెనీ రేట్ల పట్టికలో అన్నిటికన్నా కుడివైపున్న 'ఎక్స్‌టెండెడ్ వ్యాలిడేషన్' కొనిపించండి. షాపు పేరు అడ్రసు బారులో ఆకుపచ్చగా వస్తుందని చెప్పండి. ఒకప్పుడు వచ్చేది. జనం దాన్ని పట్టించుకోవడం లేదని తేలి 2019లో క్రోమూ, ఫైర్‌ఫాక్సూ ఆ పేరును అక్కణ్ణుంచి తీసేశాయి. పనిగట్టుకుని నొక్కి చూస్తే తప్ప ఇప్పుడు కనబడదు. ఎన్‌క్రిప్షన్ బలంలో ఉచితదానికీ దీనికీ తేడా లేదు. ఈ సంగతి డబ్బు కట్టాక తెలిసినా నష్టం లేదు, మీకు.

హెచ్‌టీటీపీఎస్ ఉంటే అడ్రసు పక్కన వచ్చే తాళం బొమ్మతో కూడా ఒక చిక్కు వచ్చిపడింది. 2023 సెప్టెంబరులో క్రోమ్ 117 ఆ బొమ్మనే ఎత్తేసి సెట్టింగుల గుర్తు ఒకటి పెట్టింది. తాళం ఉంటే సైటు నడిపేవాడు మంచివాడని జనం అనుకుంటున్నారు, దొంగ సైట్లకీ తాళం ఉంటోంది, తాళం చెప్పేది దారి సంగతే గానీ అవతలి మనిషి సంగతి కాదు అన్నది వాళ్ల బాధ. మన బాధ వేరు. "డబ్బు కట్టాం, తాళం ఏదయ్యా?" అని ఓనరుగారు అడుగుతారు. తాళం బొమ్మ ఇంకా వేస్తున్న బ్రౌజరేదో వెతికి అందులో చూపించండి.

సర్టిఫికెట్‌తో పాటు ప్రైవేట్ కీ అని ఒక ఫైలు ఉంటుంది. సర్టిఫికెట్ అందరికీ చూపించేదే, వచ్చిన ప్రతివాడికీ సర్వరే తీసి చూపిస్తుంది. కీ మాత్రం సర్వరు దాటి బయటికి రాకూడదంటారు. మీరు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. 'సైట్ వర్క్' అని గ్రూపు ఉండనే ఉంటుంది: ఓనరుగారు, ఆయన బావమరిది, సీసాలకి ఫొటోలు తీసే కుర్రాడు, రెండేళ్ల కిందట మానేసినా ఎవరూ తీసేయని డిజైనరు. ఎప్పుడు కావాలన్నా పైకి జరిపితే దొరుకుతుంది. మరీ జాగ్రత్తపరులైతే సైటు ఫోల్డర్లోనే 'బ్యాకప్ న్యూ ఫైనల్' అని జిప్ చేసి పెట్టుకోండి. ఆ పేరు ఊహించినవాడు ప్రపంచంలో ఏ మూల నుంచైనా దించుకోవచ్చు. కీ బయటపడితే పాత సర్టిఫికెట్ రద్దు చేయించి, కొత్త కీ తయారుచేసి, మళ్లీ తెచ్చుకోవాలి. కాబట్టి బయటపడిందని మీకు తెలియకుండా చూసుకోండి.

ఇక్కడే ఇంకో మంచి అవకాశం ఉంది, చాలామంది వదిలేస్తారు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు మీ డొమైన్‌ది ఒకటి, మధ్యవర్తిది ఒకటి, రెండు ముక్కలిస్తారు. బ్రౌజరు నమ్మేది పైనున్న మూల సర్టిఫికెట్‌ని. మీదాన్ని దానితో కలిపే లంకె ఆ మధ్యవర్తి ముక్క. దాన్ని పెట్టకండి. వెబ్ సర్వరు ఎన్‌జింక్స్ సెట్టింగులో 'ఫుల్‌చెయిన్' ఫైలు పేరు రాయాల్సిన చోట ఉత్త 'సర్ట్' ఫైలు పేరు రాస్తే చాలు. కంప్యూటర్లో క్రోమ్ ఆ లోటును తనే వెతికి పూడ్చుకుంటుంది కాబట్టి మీకు బాగానే తెరుచుకుంటుంది, ఓనరుగారికీ తెరుచుకుంటుంది. తెరుచుకోనిది పేమెంట్ గేట్‌వే సర్వరుకి. ఫలానా ఆర్డరుకి డబ్బు అందిందని మన సైటుకి కబురు చెప్పడానికి వచ్చి, సర్టిఫికెట్ గొలుసు తెగి ఉందని గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతుంది. కస్టమరు అకౌంటులో డబ్బు పోతుంది, మన స్క్రీన్ మీద ఆర్డరు 'పెండింగ్' అని ఉంటుంది.

"బాబూ, డబ్బులు కట్ అయ్యాయి, మెసేజీ కూడా వచ్చింది. మీరేమో ఇంకా రాలేదంటున్నారు."

"మా సైటు బాగానే ఉందమ్మా. మీ బ్యాంకు వాళ్లని అడగండి."

ఈ జవాబు బట్టీ పట్టండి, ముందు ముందు చాలాసార్లు పనికొస్తుంది.

సగం దారికే ఎన్‌క్రిప్షన్

సర్వర్లో సర్టిఫికెట్ పెట్టడమే బద్ధకమనిపిస్తే ఇంకా తేలిక దారి ఉంది. సైటును క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (కస్టమరుకీ మన సర్వరుకీ మధ్య నిలబడే సేవ) వెనక పెట్టి, 'ఫ్లెక్సిబుల్' అన్న దాని మీద టిక్కు కొట్టండి. కస్టమరు నుంచి సీడీఎన్ దాకా ఎన్‌క్రిప్షన్, సీడీఎన్ నుంచి మన సర్వరు దాకా మామూలు హెచ్‌టీటీపీ. హుండీకి ముందువైపు తాళం, సీలు వేసి వెనక రేకు ఊడదీసినట్టు. బ్రౌజరుకి కనబడేది ముందువైపే కాబట్టి అభ్యంతరం చెప్పదు.

దీని తర్వాత సర్వర్లో 'హెచ్‌టీటీపీగా వచ్చినదాన్నల్లా హెచ్‌టీటీపీఎస్‌కి పంపు' అన్న రీడైరెక్ట్ కూడా పెట్టండి. సీడీఎన్ వచ్చి హెచ్‌టీటీపీలో అడుగుతుంది. సర్వరు హెచ్‌టీటీపీఎస్‌కి పొమ్మంటుంది. బ్రౌజరు మళ్లీ హెచ్‌టీటీపీఎస్‌లోనే సీడీఎన్ దగ్గరికి వస్తుంది, సీడీఎన్ మళ్లీ హెచ్‌టీటీపీలోనే సర్వరుని అడుగుతుంది. కాసేపు తిరిగి తిరిగి బ్రౌజరు 'టూ మెనీ రీడైరెక్ట్స్' అని కూలబడుతుంది. 'ఫుల్ స్ట్రిక్ట్' అన్న టిక్కుకి మారి, సర్వర్లో కూడా సర్టిఫికెట్ పెడితే రెండు వైపులా ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, ఈ గిరగిరా ఉండదు. ఆ సర్టిఫికెట్ క్లౌడ్‌ఫ్లేరే ఉచితంగా ఇస్తుంది. అయినా మీరు రీడైరెక్ట్ తీసేసి ఊరుకోండి.

పాత సామాను ఉన్నచోటే ఉంచండి

పైన పటారం అయింది, ఇక లోన లొటారం. పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో వస్తోంది గానీ, ఆ పేజీలో అతికించినవన్నీ పాత హెచ్‌టీటీపీ అడ్రసులతోనే ఉన్నాయి. మిక్స్‌డ్ కంటెంట్ అంటే ఇదే. సొంత పేజీని ఒకసారి ఆదరాబాదరా లేకుండా చూడండి. పైన కుడి నుంచి ఎడమకి పాకే 'దీపావళి ఆఫర్'. దాని పక్కన ఎవరి సర్వరు నుంచో తెచ్చుకున్న, కాసులు రాలుస్తున్న లక్ష్మీదేవి బొమ్మ. పేజీ తెరవగానే మోగాల్సిన సుప్రభాతం ఎంపీ3. 'మీరు ఇన్నో సందర్శకులు' అని లెక్కపెట్టే స్క్రిప్టు. సీసాల ఫొటోల్ని తిప్పే జేక్వెరీ స్క్రిప్టు. షాపు ఎక్కడుందో చూపించే మ్యాపు ఐఫ్రేమ్. అను ఫాంటులో కొట్టిన 'మా గురించి' పేజీ, దానికోసం ఒక ఫాంటు ఫైలు.

బ్రౌజరు వీటిని రెండు పంక్తుల్లో కూర్చోబెడుతుంది. బొమ్మలు, పాటలు, వీడియోలు ఒక పంక్తి. వీటికి ఇప్పటి క్రోమ్ తనే అడ్రసుకి ఒక 'ఎస్' తగిలించి అడిగి చూస్తుంది, దొరికితే చూపిస్తుంది, దొరక్కపోతే వదిలేస్తుంది. స్క్రిప్టులు, ఐఫ్రేములు, స్టైల్‌షీట్లు, ఫాంట్లు రెండో పంక్తి. వీటిని అసలు అడగనే అడగదు, నిలిపేస్తుంది. ఫైర్‌ఫాక్స్ అయితే 2013 ఆగస్టులో వచ్చిన 23వ వెర్షన్ నుంచే ఈ రెండో పంక్తిని ఆపుతోంది. తేడా ఎందుకంటే, లక్ష్మీదేవి బొమ్మను దారిలో ఎవడైనా మార్చినా బొమ్మే మారుతుంది. స్క్రిప్టును మారిస్తే పేజీ మొత్తం వాడి చేతిలోకి పోతుంది: ఆర్డరు ఫారంలో ఆవిడ టైపు చేస్తుండగానే అక్షరం అక్షరం చదివి తన సర్వరుకి పంపుకోవచ్చు. తలుపుకి సర్టిఫికెట్ ఉన్నా లాభం లేదు. ఇదంతా బ్రౌజరు చాదస్తం అని కొట్టిపారేయండి.

మొదటి ఫిర్యాదు మీరనుకున్న చోటు నుంచి రాదు. "ఎస్ఎస్ఎల్ వేసిన దగ్గర్నుంచీ సుప్రభాతం రావట్లేదేంటయ్యా?" అంటారు ఓనరుగారు. నిజానికి కంప్యూటర్లో ఎవరూ నొక్కకుండా శబ్దం మోగడాన్ని క్రోమ్ 2018 ఏప్రిల్లోనే ఆపేసింది. ఇన్నేళ్లూ ఆయన గమనించలేదు. మీరూ సర్దిచెప్పకండి. నేరం ఎస్ఎస్ఎల్ మీద ఉండటమే మనకి మంచిది, ఇంకోసారి ఈ మాట ఎత్తరు.

అసలు నష్టం కిందికి జరిపితే కనబడుతుంది. జేక్వెరీ ఆగిపోయింది కాబట్టి తిరగాల్సిన ఫొటోలు ఒకదాని కింద ఒకటి పడి ఉంటాయి: ఆవకాయ, గోంగూర, మాగాయ, పండుమిర్చి, మళ్లీ ఆవకాయ. బుట్టలో వేసే బటన్ కూడా ఆ జేక్వెరీనే నమ్ముకుని ఉంది, నొక్కితే ఉలకదు పలకదు. 'మా గురించి' పేజీ సంగతి ఇంకా బాగుంటుంది. యూనికోడ్‌కి ముందు కాలపు ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో కాపురం ఉంటాయి. ఫాంటు ఫైలు వస్తేనే అది తెలుగు. ఫాంటును బ్రౌజరు ఆపేసింది గనక, ఓనరుగారి తాతగారు ఎడ్లబండి మీద జాడీలు వేసుకుని సంతకి వెళ్లిన చరిత్ర అంతా డాలరు గుర్తులు, బ్రాకెట్లు, పొట్టి పొడుగు ఇంగ్లిషు అక్షరాలుగా మారి నిలబడుతుంది. ఒకసారి కూర్చుని యూనికోడ్‌లోకి మార్పించుకుంటే ఫాంటు వచ్చినా రాకపోయినా చదవొచ్చు, గూగుల్లో వెతికితే దొరుకుతుంది కూడా. మీరు మెనూలో ఆ పేజీ లింకు తీసేయండి.

వీటికి మందులు చాలామంది చెబుతారు. ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరిస్తే, ఏ పేజీలో ఏ అడ్రసు ఆగిందో బ్రౌజరు వరసగా రాసి పెడుతుంది. తెరవకండి, ఒకసారి చూశాక చూడనట్టు ఉండటం కష్టం. జేక్వెరీ ఫైలును దించి మన సర్వర్లోనే పెట్టుకుంటే ఆ గొడవ శాశ్వతంగా పోతుంది. అదీ వద్దు, పదేళ్ల నుంచి ఉన్నచోట ఉండనివ్వండి. బదులుగా హోమ్ పేజీలో ఒక ప్రకటన పెట్టండి: 'వినియోగదారులకు మనవి. మా సైటు సరిగా కనిపించకపోతే బ్రౌజర్ సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఇన్‌సెక్యూర్ కంటెంట్ అన్న చోట అలో అని పెట్టుకోగలరు.' భద్రత కోసం డబ్బు ఖర్చుపెట్టిన షాపు, ఆ భద్రత తీసేసుకొమ్మని ఇలా కస్టమర్లని చేతులు జోడించి అడగడంలో ఒక మర్యాద ఉంది.

'అప్‌గ్రేడ్ ఇన్‌సెక్యూర్ రిక్వెస్ట్స్' అని ఒక్క వరస హెడర్ ఉంది. అది పెడితే, పేజీలోని హెచ్‌టీటీపీ అడ్రసులన్నిటినీ అడగబోయే ముందే బ్రౌజరు హెచ్‌టీటీపీఎస్‌గా మార్చుకుంటుంది. మన సర్వరు మీదున్న వందలాది పాత ఫొటోలకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. హెచ్‌టీటీపీఎస్ లేని బయటి సర్వరు నుంచి వచ్చేవాటికి పనిచేయదు, అవి నోరు మూసుకుని మాయమవుతాయి. కాబట్టి ఇది పెట్టేసి, పని అయిపోయిందని ప్రకటించి, ఏం మాయమయ్యాయో చూడకండి. సీఎస్‌పీని (పేజీ ఎక్కణ్ణుంచి ఏం తెచ్చుకోవచ్చో బ్రౌజరుకి చెప్పే హెడర్) 'రిపోర్ట్ ఓన్లీ' పద్ధతిలో పెడితే ఎక్కడెక్కడ చిల్లులున్నాయో బ్రౌజర్లే జాబితా పంపుతాయంటారు. జాబితా వస్తే చేయాల్సి వస్తుంది.

మీలో వీరులెవరైనా ఉంటే డేటాబేసు మీదికి వెళ్లండి. సైటు వర్డ్‌ప్రెస్ అయితే, పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి, ఎక్కడ హెచ్‌టీటీపీ ఉంటే అక్కడ హెచ్‌టీటీపీఎస్ అని ఒక్క ఎస్‌క్యూఎల్ వేటుతో మార్చేయండి, బ్యాకప్ తీయకుండా. వ్యాసాల్లో అడ్రసులు చక్కగా మారతాయి. విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు మాత్రం వర్డ్‌ప్రెస్ ఇంకోలా దాచుకుంటుంది: ప్రతి మాట ముందు ఆ మాట పొడవు అంకెల్లో రాసి ఉంటుంది. అడ్రసు పొడవు 31 అని ఉంది, మీరు 'ఎస్' చేర్చారు, అడ్రసు 32 అయింది, పక్కన అంకె ఇంకా 31 అనే ఉంది. లెక్క తప్పిందని పీహెచ్‌పీ ఆ ముక్కను మొత్తంగా చదవడం మానేస్తుంది. సైడ్‌బారు ఖాళీ, ఫుటరు ఖాళీ, షాపు ఫోను నంబరు ఉన్న పెట్టె ఖాళీ. డబ్ల్యూపీ-సీఎల్ఐలో 'సెర్చ్ రీప్లేస్' అన్న ఆదేశం ఆ అంకెల్ని కూడా సరిచేస్తుంది, ముందు 'డ్రై రన్' అని ఉత్తుత్తి పరుగు కూడా చూపిస్తుంది. ఉత్తుత్తి పరుగులో ఏం మజా?

థీమ్ స్టైల్‌షీటులో బ్యాక్‌గ్రౌండ్ బొమ్మల అడ్రసులు, ఆర్డరు ఫారం వెళ్లే అడ్రసు, ఈ రెండూ హెచ్‌టీటీపీగానే మిగిలిపోయాయేమో అని వెతకకండి. ఫారం అలా ఉంటే, పేజీకి ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఆవిడ రాసిందంతా చివర్లో బహిరంగంగానే బయల్దేరుతుంది. పంపేముందు క్రోమ్ పెద్ద హెచ్చరిక చూపిస్తుంది, ఆవిడ భయపడి ఫోన్ చేస్తుంది. జవాబు మీకు తెలుసు: బ్యాంకు వాళ్లని అడగమనండి.

అయితే చాలదు, లేకపోతే మరీ ఎక్కువ

పాత హెచ్‌టీటీపీ అడ్రసును కూడా తెరిచే ఉంచండి, రీడైరెక్ట్ చేయకండి. విజిటింగ్ కార్డుల మీద అదే అచ్చయి ఉంది. లాగిన్ కుకీకి 'సెక్యూర్' గుర్తు పెట్టకపోతే అది హెచ్‌టీటీపీ మీద కూడా తిరుగుతుంది, అంటే ఇందాకటి ఫైర్‌షీప్ ముచ్చట మళ్లీ మొదటికొస్తుంది.

రీడైరెక్ట్ ఉన్నా సరిపోదని 2009లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అనే ఆయన బ్లాక్ హ్యాట్ సభలో ఎస్ఎస్ఎల్‌స్ట్రిప్ అనే పరికరంతో చూపించాడు. మొదటి అడుగు హెచ్‌టీటీపీలోనే పడుతుంది కాబట్టి, మధ్యలోవాడు ఆ రీడైరెక్టునే మింగేసి కస్టమరును హెచ్‌టీటీపీలోనే కూర్చోబెట్టగలడు. దీనికి విరుగుడుగా 2012 నవంబరులో హెచ్ఎస్‌టీఎస్ ప్రమాణం వచ్చింది: 'ఇన్ని సెకన్ల పాటు నా దగ్గరికి హెచ్‌టీటీపీఎస్‌లో తప్ప రాకు' అని సైటు బ్రౌజరుకి చెబుతుంది, బ్రౌజరు గుర్తుపెట్టుకుంటుంది. పిరికివాళ్లు మొదట 5 నిమిషాలు పెట్టి, అన్నీ సరిగా ఉన్నాయని చూసుకుని, తర్వాత వారం, నెల, ఏడాది అని పెంచుకుంటూ పోతారు. మీరు ఎక్కడో దొరికిన వరసను ఎత్తి అతికించండి. అందులో 31536000 అని ఉంటుంది, అన్ని సున్నాలూ అంకెలూ లెక్కపెట్టకండి, ఏడాది. వెనకాల 'ఇన్‌క్లూడ్ సబ్‌డొమైన్స్', 'ప్రీలోడ్' అని కూడా ఉంటాయి, ఉండనివ్వండి.

షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేరు అదే డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ మీద, మూలనున్న పాత కంప్యూటర్లో, హెచ్‌టీటీపీ మీద నడుస్తోందని మర్నాడు పొద్దున తెలుస్తుంది. కౌంటరు దగ్గర పెళ్లివారు పాతిక కిలోల ఆవకాయతో నిలబడి ఉంటారు, బిల్లు తెరుచుకోదు. సర్వర్లో ఆ వరస తీసేసినా లాభం లేదు, బ్రౌజరు ఏడాది గుర్తుపెట్టుకుంటానని మాటిచ్చింది. కాలాన్ని సున్నా చేసి మళ్లీ పంపితే మరిచిపోతుంది, ఆ సంగతి మీకెవరూ చెప్పరు. డొమైన్‌ను ఉత్సాహపడి బ్రౌజర్ల ప్రీలోడ్ జాబితాలో కూడా ఎక్కించి ఉంటే, దిగడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు కాగితం మీద బిల్లులు రాస్తారు. పాత పద్ధతులు బతుకుతాయి.

గడువు

రెన్యూవల్ హెచ్చరికలు వెళ్లే ఈమెయిలుగా, మానేసిన డిజైనరుదే ఉంచండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అయితే 2025 జూన్ నుంచి ఆ ఈమెయిళ్లు పంపడమే మానేసింది, ఆ చికాకూ లేదు. దాని సర్టిఫికెట్ 90 రోజులుంటుంది. సర్ట్‌బాట్ రెన్యూవల్ కోసం పోర్టు 80 తెరిచి ఉండాలన్న చోట, భద్రత పేరుతో ఫైర్‌వాల్‌లో దాన్ని మూసేయండి. లేదా రెన్యూ అవనిచ్చి, ఎన్‌జింక్స్‌ను రీలోడ్ చేయకండి: కొత్త సర్టిఫికెట్ డిస్కు మీద పడుకుని ఉంటుంది, సర్వరు జ్ఞాపకంలో ఉన్న పాతదే చూపిస్తూ పోతుంది. ఫైలు తెరిచి చూసినవాడికి తేదీ బాగానే ఉంటుంది. దీంతో ఒక పూట కాదు, రెండు పూటలు గడిచిపోతాయి.

గడువు మరవడం చిన్నవాళ్ల పని అనుకుని సిగ్గుపడకండి. 2018 డిసెంబరు 6న ఎరిక్సన్ సాఫ్ట్‌వేరులో ఒక సర్టిఫికెట్ గడువు తీరి, బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్కు వాడే సుమారు 3.2 కోట్ల మందికి డేటా పోయింది, జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ ఫోన్లూ మూగబోయాయి. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఇదే కారణంతో పడుకుంది. వీటన్నిటికీ తాత అమెరికా క్రెడిట్ సంస్థ ఈక్విఫాక్స్. నెట్‌వర్కులో వచ్చేపోయేదాన్ని తనిఖీ చేసే పరికరంలో సర్టిఫికెట్ గడువు తీరి నెలలు గడిచినా ఎవరూ చూడలేదు. 2017లో దొంగలు 76 రోజుల పాటు తీరిగ్గా దాదాపు 14.7 కోట్ల మంది అమెరికన్ల వివరాలు తరలించుకున్నారు. సర్టిఫికెట్ మార్చగానే పరికరానికి కళ్లు వచ్చాయి, దొంగతనం కనబడింది. మార్చకపోయి ఉంటే ఆ గొడవ ఇంకొన్నాళ్లు ఉండేది కాదు.

మన సైటు గడువు తీరిన రోజు బ్రౌజరు పేజీకి అడ్డంగా హెచ్చరిక నిలబెడుతుంది. "ఏం కాదమ్మా, అడ్వాన్స్‌డ్ నొక్కి, కింద ప్రొసీడ్ అని ఉంటుంది, అది నొక్కండి" అని ఫోనులో చెప్పడం మన ఆనవాయితీ. ఇందాక హెచ్ఎస్‌టీఎస్ పెట్టుకున్నాం కదా, అది ఉన్న సైటుకి ఆ ప్రొసీడ్ బటన్ బ్రౌజరు చూపించదు. ఆవిడ "లేదు బాబూ, ఎక్కడా లేదు" అంటుంది. ఆవిడ చెప్పేది నిజం. మీరు మాత్రం "సరిగ్గా చూడండమ్మా" అనండి.

రాబోయే రోజులు మనవి. సర్టిఫికెట్ల ఆయుష్షు తగ్గించాలని, వాటిని ఇచ్చే సంస్థలూ బ్రౌజర్ కంపెనీలూ కలిసిన సీఏ బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్లో తీర్మానించింది. గరిష్ఠంగా 398 రోజులున్నది 2026 మార్చి 15 నుంచి 200, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. మిగతావాళ్లు దీన్ని చూసి, రెన్యూవల్ పని మొత్తం ప్రోగ్రాముకి అప్పగించి చేతులు దులుపుకుంటారు. మీరు చేత్తోనే చేయండి. ఏడాదికి ఎనిమిది సార్లు ఓనరుగారు మిమ్మల్ని పిలవక తప్పదు. బిల్లులో 'ఎస్ఎస్ఎల్ మెయింటెనెన్స్' అని రాసి, జీఎస్టీ విడిగా వేయండి.